రెక్కలు ఆరేలోగా

చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. పెరట్లో లక్ష్మణమ్మ బట్టలు ఉతుకుతోంది. కూతురు అనూరాధ నిమ్మచెట్టు కింద సెల్లు పట్టుకుని గొంతుక్కూర్చుంది. తండ్రి గంగులు ఆమె కోసం కొమ్మ వంచి పట్టుకున్నాడు.

"అమ్మా, ఆ నీళ్ళు ఇటు పారబొయ్యకు. నాన్న పురుగుమందు కొట్టే సొక్కా ఉతికిన నీళ్ళు."

"మరెక్కడ పొయ్యమంటావే? నా నెత్తి మీదా?"

"సెట్టు మొదట్లో మట్టుకు వద్దు. సీతాకోకసిలక ఇప్పుడే గూట్లోంచి బయటికొచ్చింది. రెక్కలింకా తడిగా ఉన్నాయి. ఆరితే ఎగిరిపోతాది. నాన్నా, కదపకు."

"నానెక్కడ కదిపినానే? గాలి."

"ఊపిరి బిగబట్టు. ఈ సిన్న బూతద్దం సెల్లుకి తగిలిస్తే బెత్తెడు దూరంలోంచి ఫొటో తియ్యాల. ఈసమెత్తు కదిలినా అలికీసినట్టు వస్తాది."

"దానికింత బాగోతమేటే? సెల్లులో బోలెడున్నాయి కదా."

"అయ్యన్నీ కిందటేడువమ్మా. ఈ ఏడు ఇదొక్కటే వచ్చింది. రెక్క కింద సుక్కలు తేటగా కనపడాలన్నారు మా కాలేజీ మేడం. లేపోతే ఏ రకమో తెలీదంట."

"నా సిన్నప్పుడు తంగేడు పూసిందంటే పచ్చటి సీతాకోకసిలకలు జల్లో వాలీవి. ఇప్పుడు వానాకాలంలో దీపమెట్టినా పురుగు రాదు."

"తోటలన్నిట్లోనూ మందు కొడితే ఎలాగొస్తాయి?"

"నన్నంటన్నావేటే? నాను కొట్టకపోతే ఇంకోడు కొడతాడు. మావిడి పూత నిలబడొద్దా?"

"నిన్ననలేదు నాన్నా. కదపకు."

"గాలే."

"మల్లీ అలికీసింది. ఒగ్గీ నాన్నా, పురికొసతో కొమ్మని కర్రకి కట్టేస్తాను."

"నాను పట్టుకున్నాను కదే."

"ఒగ్గీమన్నాను కదా. అదీ... సూడమ్మా, సుక్కలు లెక్కెట్టొచ్చు. ఎంత బాగా..."

"ఏటే, ఆగిపోనావు?"

"గాలి లేదమ్మా."

"ఏటి?"

"కట్టని కొమ్మలు కూడా కదలట్లేదు. నువ్వు ఆరేసిన సీర సూడు, ఎలాగున్నది అలాగే ఉన్నాది. నాన్నా, సెయ్యి ఇలా సాపు."

"తోటకి టైమయిపోతంది. నా తువ్వాలేదే?"

"సెయ్యి సాపు. ఎన్నాల్ల నుంచి వణుకుతంది?"

"సలికి."

"ఇంత పొద్దెక్కినాక సలేటి? మొన్న టీ గ్లాసు జారిపోతే సూసుకోవా అని నేనే తిట్టినాను. అమ్మా, నీకు తెలుసా?"

"నన్నడక్కు."

"ఆ మందు వల్లే నాన్నా. ఇంక ఆ పనికి ఎల్లొద్దు. రేపు ఇజీనారం ఆస్పత్రికి పోదాం. ఇనబడతందా? నాన్నా... అమ్మా, తువ్వాలు బుజానేసుకుని ఎల్లిపోతన్నాడు. నువ్వయినా పిలు."

"పిలిస్తే ఆగుతాడేటి?"

"ఆ సేత్తో మందు గొట్టం ఎలాగ పట్టుకుంటాడు? తోట మేస్త్రి సూసినాడంటే ఇంటికి పంపేస్తాడులే."

"మేస్త్రి ఎప్పుడో సూసినాడే. గొట్టం తీసీసుకుని మందు కలిపే పనిలో ఎట్టినాడు. డ్రమ్ములోకి మోసేతి దాకా సెయ్యి దించి కలపాల."