లాగ్ చదవనియ్యుండ్రి

లిదియా తయారుచేసిన రక్తదాతల వెబ్‌సైటు ఆమె ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. క్లౌడ్‌లోకి ఎక్కించగానే ఆగిపోతోంది. వరంగల్ ఆఫీసులో సారు ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు.

"ఐదుసార్లు ఫెయిలయింది. హైదరాబాద్ ఇంజనీర్లను రమ్మన్న. ఇగ లే అమ్మా."

"లేవను సార్. రాసింది నేను, ఎక్కించేది నేనే."

"నీ పైథాన్ కోడే తప్పేమో?"

"తప్పయితే ఇక్కడెట్ల నడుస్తాంది? ఎక్కడ ఆగిందో క్లౌడ్ రాసిపెట్టే లాగ్ ఉంటది, జర చదవనియ్యుండ్రి... ఇగో, దొరికింది! డేటాబేస్‌ను కలిపే లైబ్రరీ, అంటే రెడీమేడ్ కోడ్, నా ల్యాప్‌టాప్‌ల ఉన్నది. ఏమేం పెట్టుకోవాల్నో క్లౌడ్‌కు పంపిన లిస్టుల దాని పేరు రాయలే."

"అంటే తప్పు నీదే గదా?"

"నాదే. దిద్దేది గూడ నేనే."

పేరు చేర్చి మళ్లీ ఎక్కించింది. సారు ఫోన్‌లో సైటు తెరుచుకుంది.

"మరి హైదరాబాద్ నుంచి వచ్చేటోళ్లకు ఏం చెప్పాలె?"

"రానియ్యుండ్రి సార్. రక్తమిస్తమని పేర్లు రాయించుకొని పోతరు."