నలభై ఒకటో పావురం

కైరోలో, ఇంబాబా పేటలో, ఐదంతస్తుల మిద్దె మీద షెహాతా పావురాల్ని ఆడించే జెండా ఊపుతున్నాడు. ఎద్దుల్ని పడేసే మత్తుమందు చల్లిన సిగరెట్టు అతని వేళ్ల మధ్య కాలుతోంది. అక్క అఫాఫ్ పావురాల గూటికి ఆనుకుని నిలబడింది.

“ఆ పాడు పొగ మానరా. ఆసుపత్రికి పోదాం పద.”

“నాకేం రోగమక్కా? దీంతో వెర్రెక్కేది చేతకాని వెధవలకి. ఎగిరే గుంపును లెక్కపెడతా చూడు. ఒక్కటి తప్పినా నీ వెంట వస్తా.”

“మాట మీద ఉంటావా?”

“అమ్మ సమాధి మీద ఒట్టు.”

షెహాతా ఆకాశంలోకి వేలు ఆడించాడు.

“ముప్పై తొమ్మిది, నలభై. అన్నీ ఉన్నాయి. ఆగాగు, నలభై ఒకటి! ఎవడిదో కొత్త పావురం మన గుంపులో కలిసింది. పట్టుకున్నవాడిదే పావురం!”

అతను పిట్టగోడ ఎక్కబోయాడు. అఫాఫ్ అతని చొక్కా పట్టుకుని వెనక్కి ఈడ్చింది.

“వదులక్కా, పారిపోతోంది! నా లెక్క తప్పిందా, చెప్పు?”

“నీ లెక్కకేం నాయనా, బ్రహ్మాండం. మన నలభై మాత్రం పొద్దుటినుంచీ ఈ గూట్లోనే గింజల కోసం అరుస్తున్నాయి. తలుపు ఇంకా తీయనే లేదు. చెప్పులేసుకో.”