మిగిలిపోయిన చరణం

మిసిసిపీలో ఒక మధ్యాహ్నం ముసలామె నీరసంగా, చనిపోయిన భర్త పాడిన పాత గ్రామఫోను రికార్డు మీంచి ముల్లు తీసింది. అప్పట్లో ఆయన పక్కన గిటారు వాయించినతను ఎదురుగా కూర్చున్నాడు.

“ఇన్నేళ్ళుగా వింటున్నా. మన కంచరగాడిదని కూడా పాటలో పెట్టాడు ఆ మహానుభావుడు, నన్ను పెట్టలేదు.”

“పెట్టాడు వదినా. ఆఖరి చరణం నీదే.”

“ఏదీ మరి?”

“రికార్డు మీద మూడు నిమిషాలే పట్టేది. స్టూడియోలో ఎర్రలైటు వెలగ్గానే పాట ఆపెయ్యమన్నారు. ఇంటికెళ్ళి నీకే పాడతానన్నాడు. దారిలోనే పోయాడాయె.”

“ఇన్నాళ్ళూ నోరు మెదపలేదేం?”

“చెబుదామనే వచ్చేవాణ్ణి. ఈ పాట పెట్టుకుని నువ్వు ఏడుస్తుంటే చెప్పలేక లేచి వెళ్ళిపోయేవాణ్ణి.”

“ఇప్పుడు పాడు.”

“గొంతు పోయింది వదినా.”

“నా చెవులు మాత్రం బాగున్నాయేంటి? పాడు.”

అతను గిటారు అందుకుని గబగబా మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

“మెల్లగా పాడవయ్యా. ఇక్కడ ఏ ఎర్రలైటూ వెలగదు.”