ఫైబరు తాబేలు వీపు

డొంకూరు ఒడ్డున ఇసుకలో ఒక పెద్ద ఫైబరు తాబేలు బొమ్మ ఉంది. పాడైన బొమ్మలను బాగుచేసే అమ్మాయి విశాఖ నుంచి దాన్ని చూడటానికి వచ్చింది. కొబ్బరి పీచు పట్టుకుని ఊరి ముసలమ్మ ఒకామె ఎదురొచ్చింది.

"మామ్మగారూ, దీని వీపు ఇంత గరుకుగా ఎందుకైపోయింది?"

"గరుకేటమ్మీ! వారం వారం ఇసకేసి, ఈ పీసుతో తోమతన్నాను. మెరుపు తగ్గితే సెప్పు."

"మెరుపంతా మీరే గీకేశారండీ. పైపూత పోయి లోపలి గాజు పోగులు బయటపడ్డాయి."

"అందుకేనా, దీని మీదెక్కిన పిల్లలు పిర్రలు గోక్కుంటన్నారు! తానాలు సెయ్యట్లేదని ఆల్లని తిడతన్నాను."

"ఈ ఎండకి, మీ తోముడుకి రెండేళ్లలో ముక్కలైపోతుంది. అందుకే మా షెడ్డుకి తీసుకుపోదామనుకుంటున్నాను."

"షెడ్డులో సముద్రం ఉంటాదేటి? దీన్ని ఎక్కిత్తే నానూ బండెక్కి కూకుంటాను. ఇక్కడే ఉండాలంటే ఏటి సెయ్యాల, అది సెప్పు."

"పడవలకి పూసినట్టు పూత నేను పూస్తాను. మీరు పైన నీడ వెయ్యాలి."

"కొబ్బరాకుల పందిరి సాయంత్రానికి ఏయించేత్తాను. ఇంకేటి?"

"ఇక మీరు దీన్ని తోమకూడదు. తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు."

ముసలమ్మ చేతిలోని పీచుని ఒకసారి చూసుకుని ఇసుకలో పడేసింది.

"సరే, తోమను. ఇక్కడే ఉండనీ."

"దానికంత దిగులేంటండీ? చేతులు ఊరుకోకపోతే మనవలకి తలంటండి."

"ఆల్లు దొరకరు కదమ్మీ! ఇన్నాల్లూ కదలకుండా కూకుని తోమించుకున్నది ఇదొక్కటే."