ఇంటి మాట

(ఎల్లారెడ్డిలో, బడి విడిచిన సాయంత్రం. బీడీలు చుట్టే నిరోష ఇంటికి ఆమె కూతురి క్లాసు టీచర్ ఎస్తేర్ వచ్చింది.)

"చాయ్ వద్దంటి గద నిరోషా. ముందు ఆ చాట పక్కకు పెట్టు. నా మొఖం దిక్కు చూడు."

"చేతులు ఊకుంటే మనసు ఊకుంటలేదు టీచరమ్మా. చుట్టుకుంట వింట, చెప్పుండ్రి. మా రిషిత ఎవర్నన్న కొట్టిందా?"

"ఎవర్ని కొట్టలె. నీ ఫోన్ ఎవరి దగ్గరుంటది?"

"నా దగ్గర్నే."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ అంటే... నేను కార్ఖానకు బీడీలు ఇయ్యవోయినప్పుడు గింతసేపు దాని దగ్గరుంటది. గంతే. అందరి ఇండ్లల్ల ఉన్నదే గద!"

"నేను కొట్లాటకు రాలే. పోయిన వారం క్లాసుల పిల్లలకు ఫోన్ ముచ్చట చెప్పిన. ఫోన్ల ఎవరన్న 'మీ అమ్మకు చెప్పకు' అన్నరంటే ఇగ వాళ్లతోని మాట్లాడొద్దు, ఫోన్ బంద్ చేసి పెద్దోళ్లకు చెప్పాలె అని. ఇయ్యాల నీ బిడ్డ నా దగ్గరికొచ్చి మెల్లగ చెప్పింది."

"ఏమని?"

"ఒకాయన ఫోన్ల మాట్లాడుతడట. బొమ్మ తెస్త, చాక్లెట్లు తెస్త అంటడట. మొఖం చూపియ్యి, ఇంక దగ్గరికి రా అంటడట."

"ఎవడు? ఎవడు టీచరమ్మా వాడు?"

"నేను గూడ గదే అడిగిన. ఎరికైన మనిషేనా అంటే, 'ఫోన్లనే ఎరిక' అన్నది. ఎన్నడన్న ఎదురుంగ చూసినవా అంటే లేదన్నది. 'మీ అమ్మకు చెప్పకు' అన్నడట. ఇగ మళ్ల ఫోన్ రాకుంట వాణ్ని బ్లాక్ చేసిందట. క్లాసుల నేనే చూపిచ్చిన, ఎట్ల చెయ్యాల్నో."

"నాకెందుకు చెప్పలె? కన్నదాన్ని నేను! రిషితా! ఓ రిషితా!"

"పిలువకు. ఆడుకోనీ. 'అమ్మ ఏడుస్తున్నది, అందుకే చెప్పలె' అన్నది. ఎందుకేడుస్తున్నవ్ నిరోషా?"

"నేనెక్కడ ఏడుస్తున్న?"

"కండ్లు చూస్తే తెలుస్తలేదా?"

"ఆకు పొడి పడ్డది."

"నిరోషా."

"మా ఆయన ఫోన్ చేస్తలేడు టీచరమ్మా. మస్కట్‌ల ఉంటడు గద. పని దిగినంక రోజూ చేసేటోడు. ఇప్పుడు లేదు. నేను చేస్తె ఏదో ఇంగ్లీషుల వస్తున్నది, పోతనే లేదు. మస్కట్‌లనే పనిచేసే సాయన్న పెండ్లాన్ని అడిగిన. వాళ్లాయన ఉండే క్యాంపు వేరేనట, ఎరిక లేదన్నది. ఎత్తుల నిలబడి చేసే పని టీచరమ్మా. పడ్డడో, ఏమైందో, ఎవర్ని అడగాలె నేను? దీంట్ల మళ్ల ఇదొకటి. వాడెవడు, నా పిల్ల వెంబడి పడ్డోడు?"

"అందుకే రేపు పొద్దున బస్సుకు కామారెడ్డి పోదాం. ఆడ ఫోన్ కేసులు చూసే పోలీసోళ్లకు చెప్దాం. నేనొస్త నీతోని."

"పోలీసోళ్లా? వద్దు, వద్దు. నలుగురికి తెలుస్తది. ఆడివిల్ల, పేరు ఖరాబైతది."

"పిల్ల ఏం తప్పు చేసింది, పేరు ఖరాబయ్యేటందుకు? నువ్వు దాచిపెడితే వాడు ఇంకో ఇంటికి ఫోన్ చేస్తడు."

"అది నిజమే గని..."

"ఇంటి మాట పెట్టుకొమ్మని చెప్పి పంపిన పిల్లల్ని. పెట్టుకున్నరా?"

"పెట్టుకున్నం. ఎవరన్న ఫోన్ల 'మీ మామను, మీ బాపును' అంటే ఆ మాట అడగాలె అన్నది. నాకు చెవుల చెప్పింది. ఏం మాటో తెలుసా టీచరమ్మా..."

"నాకు చెప్పకు! ఇంట్లోళ్లకే తెల్వాలె అది. ఏదీ, ఫోన్ ఇటియ్యి. వాని నంబర్ దీంట్లనే ఉంటది, రాసుకుందాం."

"తీసుకోండ్రి."

"ఆగు... ఇగో, ఇక్కడుంటది బ్లాక్ చేసిన నంబర్. ఒక్కటే ఉన్నది. నిరోషా..."

"ఏంది?"

"ఈ ఫోటో ఎవరిది?"

"ఏదీ? ఇది... ఇది మా ఆయన! లింబాద్రి!"

"నిమ్మలం, నిమ్మలం."

"ఏమైతున్నది టీచరమ్మా? మా ఆయన ఫోటో వాడెందుకు పెట్టుకున్నడు?"

"వాడు లేడు, ఎవడు లేడు నిరోషా. నంబర్ గూడ మీ ఆయనదే. నీ బిడ్డ బ్లాక్ చేసింది వాళ్ల నాయననే."

"రిషితా! ఇటురాయే! ఓ పోరీ!"

"వస్తున్ననమ్మా! ఏందమ్మా?"

"డాడీని బ్లాక్ చేసినవా నువ్వు? నేను గిన్ని రోజులు సచ్చి బతుకుతున్న ఎరికేనా? రెండు ఏసిన్నంటె..."

"నిరోషా, చెయ్యి దించు! పిల్లను కొట్టినవంటె నేను లేచి ఇంటికి పోత. ఇటురా రిషితా, నా దగ్గర కూసో. భయపడకు. డాడీనెందుకు బంద్ చేసినవ్ బిడ్డా?"

"మీరే చెప్పిండ్రు గద టీచర్. అమ్మకు చెప్పకు అంటే బంద్ చెయ్యమని."

"డాడీ అన్నా గూడనా?"

"ఎవరన్నా అన్నరు మీరు. డాడీ అని ఆయన అంటడు, అమ్మ అంటది. నేనెప్పుడు చూసిన?"

"ఏం మాటే అది? నిన్ను ఎత్తుకోని ఊరంతా తిప్పిండే!"

"నాకు యాదికి లేదమ్మా."

"విన్నరా టీచరమ్మా? విన్నరా?"

"విన్న. నువ్వు గూడ నిమ్మలంగ విను. పిల్ల సక్కగనే చేసింది. ఇయ్యాల తిట్టినవంటె, రేపు నిజంగ దొంగోడు ఫోన్ చేసినా నీకు చెప్పది. రిషితా, డాడీ ఏం చెప్పొద్దన్నడు అమ్మకు?"

"అమ్మ తిడతది."

"తిట్టది. నేనున్న గద. చెప్పు."

"వచ్చే నెల రాడంట. ఇంక రెండేండ్లు ఆడనే ఉంటడంట. 'అమ్మకు చెప్పకు, నేనే మెల్లగ చెప్త' అన్నడు."

"రెండేండ్లా?"

"నిరోషా..."

"నాతోని వచ్చే నెల వస్తనన్నడు. నేను గోడలకు సున్నం గూడ ఏపిచ్చిన. రెండేండ్లా?"

"ముందు బ్లాక్ తీస్త. ఆయనతోనే మాట్లాడు. ఇగో, తీసిన. చెయ్యి ఫోన్."

"ఏమని మాట్లాడాలె... అయ్యో, అప్పుడే మోగుతున్నది!"

"స్పీకర్ పెట్టు."

"నిరోషా! అమ్మయ్యా! ఏమైంది నీకు? పిల్ల మంచిగున్నదా? మెసేజ్ పెడితె ఒక్కటే టిక్కు పడుతున్నది, ఫోన్ చేస్తె పోతలేదు. తిండి వోతలేదు నాకు!"

"మేం మంచిగున్నం. నువ్వు మంచిగున్నవా లింబాద్రీ? దెబ్బలేం తాకలేదా?"

"ఏం తాకలె. ఫోన్ ఎందుకు పోలే?"

"రెండేండ్లంట గద?"

"ఏంది?"

"రెండేండ్ల కాయిదం మీద సంతకం చేసినవా?"

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"చేసినవా, లేదా?"

"ఇంక చెయ్యలె. రేపు చెయ్యమంటున్నరు. కోపానికి రాకు నిరోషా. ఇంటి మీద రేకులు తీసి స్లాబు ఎయ్యాలె, పిల్లను మంచి బడిల చదివియ్యాలె. ఎవరి కోసం ఉంటున్న నేనీడ? ఒక్క రెండేండ్లు కండ్లు మూసుకుంటే అయిపోతది."

"నీ బిడ్డనే నిన్ను బంద్ చేసింది."

"నా బిడ్డనా? నన్నా?"

"అమ్మకు చెప్పకు అన్నవంట గద. అట్లనేటోడు మంచోడు కాదని బడిల చెప్పిండ్రు. టీచరమ్మ ఈడనే ఉన్నది. నిన్ను పట్టిచ్చేటందుకు రేపు కామారెడ్డికి, పోలీసోళ్ల దగ్గరికి పోదామని కూసున్నం."

"నన్ను పోలీసోళ్లకు పట్టిస్తరా?"

"అవును, నిన్నే."

"పిల్లకియ్యి ఫోను."

"మాట్లాడు రిషితా. డాడీ."

"హలో."

"బిడ్డా, నేను తప్పు మాట అన్న. అమ్మకు చెప్పకు అనద్దుండె. ఇగ ఎన్నడు అనను. కోపమొచ్చిందా నా మీద?"

"లేదు."

"మరి డాడీ అని పిలువ్వా ఒక్కసారి?"

"ఇంటి మాట చెప్పు."

"ఏం మాట?"

"ఇంట్లోళ్లకు తెలుస్తది. అమ్మకు ఎరికె, నాకు ఎరికె. నీకు ఎరికేనా?"

"నాకెట్ల తెలుస్తది బిడ్డా, ఈడుంటే... నిరోషా, ఏం మాట అది? చెప్పరాదు!"

"అమ్మా, చెప్పకు!"

"చెప్పనియ్యే! డాడీ ఏడుస్తున్నడే!"

"వద్దమ్మా. ఇంటి మాట ఫోన్ల చెప్పద్దన్నది టీచర్. డాడీ, నువ్వు ఇంటికి రా. వచ్చినంక నీ చెవుల చెప్త."