పెండ్లి ఫోటోలో సర్పంచ్

సర్పంచ్ ఎలక్షన్లకు ఇంకా పది రోజులున్నాయి. కురవిలో కహ్కషాన్ ఫ్లెక్సీల దుకాణం. కంప్యూటర్ ముందు మాజీ సర్పంచ్ చంద్రమౌళి, ఆయన వెనక నిలబడి కహ్కషాన్. తెర మీద చంద్రమౌళి, సరోజనల ఇరవై రెండేళ్ల నాటి పెండ్లి ఫోటో.

"ఏడ నొక్కాలె బిడ్డా? గిక్కడ్నా?"

"ఆగు కాకా, ఆగు! ముందుగాల కంట్రోల్, జె. ఫోటోకు నకలొకటి తయారైతది. మనం ఎంత కరాబు చేసినా అసలుది భద్రంగుంటది."

"గది మంచిగుంది. రాజకీయాలల్ల గూడ గిసొంటి బటనొకటి ఉండాలె."

"ఇగ గీ తాడు బొమ్మ నొక్కు. సరోజన చిన్నమ్మ సుట్టూ మౌసుతోని గీసుకుంట పో. నెత్తికాడికెల్లి మొదలువెట్టు... నిమ్మళంగ! కొప్పు సగం కోసినవ్."

"అరెరె! గిప్పుడెట్ల?"

"కంట్రోల్ జెడ్. చేసిన తప్పు వాపస్ పోతది."

"ఎన్ని తప్పులదాక పోతది?"

"మస్తు పోతయి. గని నీయన్ని పోతయో లేదో."

"ఏందే?"

"ఏం లే. గీయి కాకా."

"గీస్తున్న... గీస్తున్న... అయింది! సుట్టు చీమలు నడుస్తున్నట్టు కనవడ్తున్నయి."

"గంతే, చిన్నమ్మ దొరికింది. కంట్రోల్ సి కొట్టు. నీ మొకం పెట్టిన గా ఫ్లెక్సీ ఫైలు తెరిచి కంట్రోల్ వి కొట్టు."

"వచ్చింది, వచ్చింది! అరె, ఆమె భుజం మీద గా చెయ్యి ఎవలిది?"

"నీదే. పెండ్లిల ఏసిన చెయ్యి."

"ఉండనీ. ఏమైతది?"

"మనిషి లేకుంట ఒట్టి చెయ్యి ఉంటె ఓట్లేసెటోళ్లు జడుసుకుంటరు. గా స్టాంపు బొమ్మ తీస్కో. ఆల్ట్ పట్టి ఒక కాడ నొక్కు, ఇగ చెయ్యి మీద రుద్దు. నొక్కిన కాడ ఏముంటె గదే వచ్చి చెయ్యి మీద కూసుంటది."

"రుద్దుతున్న... బిడ్డా! మీ చిన్నమ్మ భుజం మీద మీసం మొలిచింది!"

"ఆల్ట్ పట్టి ఏడ నొక్కినవ్?"

"నా మూతి మీద."

"చీర మీద నొక్కాలె కాకా! అయినా గీ పాత ఫోటో ఎందుకు? చిన్నమ్మను ఒక్కపారి తోల్కరా, నిమిషంల కొత్తది తీస్త."

"ఆమెకు పనున్నది."

"ఏం పని?"

"పని... ఇంటి పని. నువ్వు నేర్పు."

"పోనీ నేనే చేసిస్తనంటె వద్దంటివి."

"ఇగ దినాం వాట్సాప్‌ల ఒక బొమ్మ పెట్టాలె. గడియ గడియకు నీ దుకాణానికొస్తె నలుగురి కండ్లల్ల పడ్త."

"పడితేమాయె?"

"...సైజు ఎట్ల మార్చుడు?"

"కంట్రోల్ టి. మూల పట్టి గుంజు. అటు కాదు, చిన్నమ్మ చిన్నగైతుంది."

"కానీ."

"ఇంక చిన్నగైతుంది!"

"కానీ. పోస్టు స్టాంపంత సాలు. నా మొకం జర పెద్దగ చెయ్యి."

"నిలవడేది చిన్నమ్మ గదా?"

"సీటు లేడీస్‌కు పోయింది గని నేను ఏడికి పోయిన? పేరుకు ఆమె, పెత్తనం మనది. ఊరు నన్ను జూసే ఓటేస్తది."

"చిన్నమ్మ ఒప్పుకున్నదా?"

"ఊఁ."

"కాకా..."

"ఒప్పుకుంటది తియ్."

"అంటె ఆమెకింక తెల్వనే తెల్వదా? మరి నామినేషన్ మీద సంతకం?"

"రేషన్ కార్డు కాగితమన్న. అంట్లు తోముకుంట తోముకుంట పెట్టింది, తడి చేతులతోని. ఎవలికి జెప్పకు బిడ్డా. గెలిచినంక నేనే నిమ్మళంగ జెప్త."

"యా అల్లా! లొల్లి చెయ్యదా?"

"చేస్తది. ఒక పట్టుచీర, రెండు దినాల లొల్లి. గంతే. ఇగ లేస్త, ప్రింటు తియ్."

"గప్పుడేనా? అక్షరాలకు నీడ ఏసుడు నేర్సుకోలే."

"నీడ నాకెందుకే?"

"నీడ లేకుంటె నీ పేరు రోడ్డుమీదికెల్లి కనవడదు."

"...గట్లనా? ఏడ నొక్కాలె?"

"గిక్కడ. గని రంగు గది కాదు. మల్ల చెయ్యి."

"ఒంటిగంటాయె! అర్ధగంట పని అని నువ్వే గదా పొద్దుగాల ఫోన్ చేసి పిలిస్తివి?"

"విద్య కాకా, ఊకెనే వస్తదా? కూసో. ఇగో, చాయ్ గూడ చెప్పిన."

"నీ ఫోన్ మోగుతుంది సూడు."

"ఆఁ, హలో... సరోజన చిన్నమ్మా, మీటింగ్ అయిపోయిందా? అన్ని వాడలోళ్లు వచ్చిండ్రా? మంచిగైంది! నీ ఫ్లెక్సీలు గూడ కట్టేసిండ్రా?... ఆఁ, ఆఁ, గీన్నే ఉన్నడు, ఏడికి పోలే. నువ్వు చెప్పినట్టే పొద్దటిసంది కూసోవెట్టిన. మరి ఇగ ఇడిసిపెట్టాల్నా కాకను?"