కిర్రుమన్న కుర్చీ

పిల్లలూ, కుర్చీల మామయ్య సంగతి మీకెప్పుడూ చెప్పలేదు. ఫోన్‌లో కనిపించి బుగ్గలు ఉబ్బించే ముసలాయనగానే ఆయన మీకు తెలుసు. ఒకప్పుడు ఆయన పార్లమెంటు సభ్యుడు. అంతకు ముందు కుర్చీల ఫ్యాక్టరీ ఓనరు. అంతకంటే ముందు రేకుల షెడ్డులో మేస్త్రీ పక్కన కూర్చుని చిత్రిక పట్టినవాడు. రెండోసారి ఎన్నికల్లో నిలబడిన రోజుల్లో ఒక సాయంత్రం, రైలు పట్టాల పక్కనున్న టీకొట్టు దగ్గర ఆయన చెప్పింది నేను చెవులారా విన్నాను. విన్నది విన్నట్టే రాస్తున్నాను. కోతలన్నీ ఆయనవే.

మొదటిసారి ఓట్లడిగినప్పుడు, రైలు పట్టాలని పైనుంచి నడిచి దాటే వంతెన కట్టిస్తానన్నాడు. ఐదేళ్ళయినా అది రాలేదు. మేస్త్రీ కోడలు రోజూ పిల్లని చంకనేసుకుని, ఆగి ఉన్న గూడ్సు బండి కింద నుంచి దూరి బడికి తీసుకెళ్ళేది. ఆ సాయంత్రం మేస్త్రీ వచ్చింది అదొక్కటే అడగడానికి.

"వంతెన సంగతేమైంది, ఓనరు గారూ?"

"అక్కడికే వస్తున్నా మేస్త్రీ. ముందు మొదటి రోజు సంగతి విను. సభలో అలా కూర్చున్నానో లేదో, పక్కాయన కుర్చీ కిర్రుమంది. కుర్చీ ఏడుస్తుంటే మనం ఊరుకోగలమా? వంగి చూశాను. వెనక ఎడమ కాలికి స్క్రూ వదులు. బిగించేశాను, అంతే. అదేం పెద్ద గొప్ప కాదనుకో."

"లోపలికి స్క్రూడ్రైవరు రానిస్తారా అన్నయ్యా?" టీ వడగడుతూ అడిగింది కొట్టు నడిపే పిన్ని.

"రానివ్వరమ్మా. బొటనవేలి గోటితో బిగించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పక్కాయన నోరు ఊరుకోక నలుగురికీ చెప్పాడు. భోజనాల వేళకి మంత్రులు, ప్రతిపక్షం వాళ్ళు, ఎవరి కుర్చీ వాళ్ళు నెత్తిన పెట్టుకుని నా ముందు వరస కట్టారు. పొద్దున ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, 'ముందు మీరు', 'అబ్బే, ముందు మీరే' అనుకుంటూ. చివరికి స్పీకరు గారు సభ వాయిదా వేసి మరీ దిగొచ్చి, 'నాది కాస్త ఊగుతోందండీ' అన్నారు."

"అప్పుడు ఆయనతో వంతెన మాటెత్తారా?"

"ఎత్తనిస్తేగా మేస్త్రీ. ఇంతలో ఎక్కడి రాజో, సింహాసనం విమానంలో వేసుకుని దిగాడు. దానికి ఒక కాలు పొడుగు. చిత్రిక పట్టడం మొదలెట్టాను. నా చెయ్యి నీకు తెలుసుగా, లేచిన చెక్క పొట్టు తెగదు. అది కిటికీలోంచి బయటికెళ్ళి, ఊరు చుట్టి, తలుపులోంచి లోపలికొచ్చింది. మూడు వీధులవాళ్ళు దాని మీద బట్టలారేసుకున్నారు."

"ఆరాయా అన్నయ్యా?"

"ఆరడమేంటమ్మా, ఆ వేడికి ఇస్త్రీ కూడా అయిపోయాయి. సరే, అది పక్కన పెట్టు. అసలు గండం చివరి రోజు వచ్చింది. బల్ల మీద పెట్టిన పెన్ను దొర్లుకుంటూ పోయింది. ఏమిటా అని చూస్తే, భవనమే ఒక పక్కకి వాలి ఉంది. ఇంజనీర్లు తలలు పట్టుకుని కూర్చున్నారు. నేనేం చేశానో తెలుసా? స్తంభాన్ని ఒక భుజంతో ఎత్తిపట్టి, రెండో చేత్తో ఒక కాగితం నాలుగు మడతలు పెట్టి కింద దోపాను. దేశం ఇవాళ్టికీ ఆ కాగితం మీదే నిలబడి ఉంది."

అంటూ తొడ చరిచాడు. ఆయన కూర్చున్న బెంచీ ఒక పక్కకి ఒరిగింది. టీ అంతా చొక్కా మీద ఒలికింది. ఆ బెంచీ ఆయన ఫ్యాక్టరీలో చేసిందే.

మేస్త్రీ వంగి, బెంచీ కాలి కింద నుంచి నలిగిన కాగితం ఒకటి లాగాడు. ఐదేళ్ళ కిందట పిన్ని దోపిన కాగితం అది. మడతలు విప్పి మామయ్య చేతిలో పెట్టాడు. అందులో మామయ్యే, నవ్వుతూ. ఫొటో కింద పెద్ద అక్షరాలు: పట్టాల మీద వంతెన, నాదీ పూచీ.

"దేశం సంగతి నాకు తెలీదు ఓనరు గారూ. ఈ బెంచీ మాత్రం ఐదేళ్ళుగా మీ మాట మీదే నిలబడింది."

పిన్ని నవ్వబోయి, మామయ్య మొహం చూసి ఆగిపోయింది. ఆయన ఆ కాగితాన్ని మోకాలి మీద పెట్టి చాలాసేపు సాపు చేశాడు.

"కిర్రుమన్నది పక్కాయన కుర్చీ కాదు మేస్త్రీ. నాదే. వంతెన గురించి అడగాలని రాసుకుని మరీ లేచాను. లేస్తుంటే కిర్రుమంది. కుర్చీల వ్యాపారి కుర్చీయే ఏడుస్తోందని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. కూర్చుండిపోయాను. మళ్ళీ లేవలేదు."

మేస్త్రీ భుజం మీది తువ్వాలు తీసి ఆయన చొక్కా తుడిచాడు.

"షెడ్డులో మీరు చేసిన మొదటి కుర్చీ నా కిందే విరిగింది. వారం రోజులు నడుం పట్టేసింది. ఆ రోజు మానేశారా? కిర్రుమంటే కిర్రుమననివ్వండి. ఈసారి లేచాక కూర్చోకండి."

ఈసారి గెలిచి సభలో లేచాక ఆయన కూర్చోలేదు. ఆ వంతెన ఇప్పుడుంది. మెట్లు నేనే లెక్కపెట్టాను, నలభై రెండు. మామయ్యనడిగితే నాలుగొందలంటాడు.

మీలో చిన్నదానికి తరగతిలో లేచి మాట్లాడాలంటే భయమని వాళ్ళ టీచరు చెప్పింది. దానికి మీరే ఇది చదివి వినిపించండి. రేపు మీ పిల్లలకి కూడా చెప్పండి. చిత్రిక పొట్టు ఎంత పొడుగైనా సాగదీసుకోండి, మామయ్య సంతోషిస్తాడు. ఆయన మళ్ళీ లేచాడన్నది మాత్రం ఉన్నదున్నట్టే చెప్పండి.